ఆకాశమున తిరుగు ఇల్లు

నెల్లూరునకు ఉత్తరమున, వరిపొలముల నడుమ, కొడవలూరు ఉన్నది. అచ్చటికి శ్రీహరికోట దక్షిణదిక్కున సుమారు నూరు కిలోమీటర్ల దూరము. రాత్రివేళ రాకెట్టును ప్రయోగించిన దినమున, ఆకాశము నిర్మలముగా ఉన్నచో, మేడపై నిలిచినవారికి దక్షిణపు అంచున ఒక నిప్పుముద్ద లేచి సముద్రముమీదికి వంగిపోవుట కనిపించును. కొన్ని నిమిషములలో అది చుక్కలలో కలిసిపోవును. చూచినవారు క్రిందికి దిగి తమ తమ పనులకు పోవుదురు.

అట్లు పైకి పోయినది యంత్రమైనచో మనకు దిగులు లేదు. పోయినవాడు మనుష్యుడైనచో ఒక ప్రశ్న పుట్టును. పుట్టినది మొదలు తన బరువును తానే మోయుచు పెరిగిన దేహము, ఆ మోత ఒక్కసారిగా తప్పిపోయినచో ఏమగును? నెలలకొలది, సంవత్సరముల కొలది తప్పినచో ఏమగును? ఈ ప్రశ్నకు ఒక సమాధానము నూరేండ్లకు పైగా కాగితములపై ఉన్నది. ఆకాశములోని ఇంటిని గుండ్రముగా కట్టి, గిరగిర త్రిప్పవలెనని ఆ సమాధానము. మహామేధావులు దానికి పటములు గీచిరి, లెక్కలు కట్టిరి. ఇంతవరకు ఎవరును ఆ ఇల్లు కట్టలేదు. ఊహ తప్పు కాదు. లెక్కయు తప్పు కాదు. అయినను ఏల కట్టలేదో తెలిసికొనుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

చేలలో మంచెయెక్కి పిట్టలను తోలు కాపరి చేతిలోని వడిసెలను చూచినవారికి ఈ శాస్త్రములో సగము తెలిసినట్లే. వడిసెల తిరుగుచున్నంతసేపు రాయి దాని గూటికి గట్టిగా ఒత్తుకొని ఉండును. త్రాటికొన వదలినంతనే రాయి సూటిగా దూసికొని పోవును. రాయి స్వభావము సూటిగా పోవుట. త్రాడు దానిని క్షణక్షణము లోపలికి మళ్లించుచుండును. ఆ పెనుగులాటయే ఒత్తిడి. పిల్లలు చెంబులో నీళ్లు పోసి చేతితో గుండ్రముగా త్రిప్పినపుడు, చెంబు తలక్రిందైనను చుక్క ఒలకకుండుట ఇందువలననే. చెంబు అడుగే నీటికి నేల అగుచున్నది. ఆ చెంబును ఒక పెద్ద చక్రముగను, నీటిని మనుష్యులుగను భావింపుడు. చక్రపు అంచు వారికి నేల; ఇరుసు వారికి ఆకాశము. నిలిచిన ప్రతివాని తలయు ఇరుసువైపే ఉండును. దీనినే కృత్రిమ గురుత్వమందురు.

మన భూమియు తిరుగునదే. శ్రీహరికోట ఉన్న అక్షాంశమున నేల తూర్పునకు సెకండునకు సుమారు 450 మీటర్ల వేగముతో కదలుచున్నది. తూర్పుతీరమునుండి సముద్రముమీదికి ఎగిరిన రాకెట్టునకు ఆ వేగము ఉచితముగా దొరకును. 1969లో ఈ దీవిని ప్రయోగకేంద్రముగా ఎన్నుకొనుటకు గల కారణములలో ఇది యొకటి. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు ఇచ్చటినుండి ఎగిరెను. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. ఆ రోహిణియు తన చుట్టు తాను తిరుగుచునే స్థిరముగా నిలిచినది. బొంగరము తిరిగినంతసేపు నిలిచినట్లే. నాడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ దీవి 2022లో తిరుపతి జిల్లాలో చేర్చబడినది.

ఇక భారము తప్పుట ఎట్లో చూతము. అంతరిక్షములో భూమ్యాకర్షణము ఉండదని సామాన్యముగా అనుకొందురు. అది పొరపాటు. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున కూడ ఆకర్షణము నేలమీద ఉన్నదానిలో నూటికి 89 వంతులు ఉండును. అయితే అచ్చటి కేంద్రము, అందులోని మనుష్యులు, వారి సామగ్రి, అన్నియు కలిసి ఎడతెగక పడుచునే ఉన్నవి. ప్రక్కకు పోవు వేగము అత్యధికమగుటచే నేలను తాకక భూమిని చుట్టివచ్చుచున్నవి. పడుచున్నవానికి క్రింద ఆనుటకు నేల లేదు. కనుక బరువు తెలియదు.

బరువు తెలియని దేహము కొద్దిదినములలోనే పొదుపు ప్రారంభించును. మోయవలసిన పని లేనపుడు గట్టి ఎముక ఏల, బలమైన కండరము ఏల అని అది తలచునట్లున్నది. తగిన వ్యాయామము లేనిచో తుంటి ఎముక నెలకు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతుల చొప్పున సారము కోల్పోవును. నెత్తురు, నీరు తలవైపునకు ఎక్కి ముఖము ఉబ్బును. దీర్ఘకాలము ఉన్నవారిలో కొందరికి చూపు కూడ మారుచున్నది. 1970 జూన్‌లో సోవియట్ వ్యోమగాములు నికొలాయెవ్, సెవస్త్యానోవ్ సోయుజ్-9 నౌకలో సుమారు 18 దినములు ఉండి దిగివచ్చినపుడు తమంత తాము నిలిచి నడుచుటకు కష్టపడిరి. పదునెనిమిది దినములకే ఇట్లయిన, సంవత్సరముల ప్రయాణముల మాట ఏమనవలెను?

ఈ చిక్కును మనుష్యుడు అంతరిక్షమునకు పోకముందే కొందరు ఊహించిరి. రష్యాలో కలూగ అను చిన్న పట్టణమున సియోల్కోవ్‌స్కీ అను బడిపంతులు ఉండెడివాడు. చిన్ననాటి జబ్బుచే ఆయనకు చెవులు సరిగా వినబడెడివి కావు. 1903లో రాకెట్టుతో అంతరిక్షమును చేరుటకు గణితమార్గమును ప్రచురించిన ఆ మహానుభావుడు, అచ్చట నివసింపవలెనన్నచో ఇంటిని త్రిప్పి బరువు కల్పింపవచ్చునని కూడ సూచించెను.

ఆ సూచనకు మొదటిసారిగా ఇంజనీరు పటము గీచినవాడు హెర్మన్ పొటొచ్నిక్. ఆయన స్లొవీన్ జాతీయుడు. ఆస్ట్రియా-హంగరీ సైన్యములో అధికారిగా ఉండి, క్షయరోగముచే కొలువు విడిచినవాడు. నూర్డుంగ్ అను మారుపేరుతో ఆయన వ్రాసిన గ్రంథము 1928 చివర బెర్లినులో వెలువడినది. అందులో 30 మీటర్ల వ్యాసముగల నివాసచక్రము ఉన్నది. అది 8 సెకండులకు ఒక చుట్టు తిరుగును. లెక్క చూచినచో అంచున ఉన్నవానికి ఇంచుమించు భూమిమీది బరువే కలుగును. సూర్యకిరణములను కూర్చి శక్తిని పుట్టించు పెద్ద అద్దము, ఇరుసునుండి అంచునకు దిగుటకు లిఫ్టు, అన్నియు ఆయన పటములో ఉన్నవి. గ్రంథము వెలువడిన కొలదినెలలకే, 1929 ఆగస్టులో, 36 ఏండ్ల వయసున ఆయన మరణించెను. అప్పటికి కక్ష్యలోనికి ఒక ఇనుపమేకు అయినను పోలేదు.

ఆయన చక్రమును మరికొంత పెంచి లోకమంతటికి చూపినవాడు వెర్నర్ ఫాన్ బ్రౌన్. రెండవ ప్రపంచయుద్ధములో జర్మనీకి వి-2 రాకెట్టును నిర్మించి, పిదప అమెరికా చేరిన ఈయన 1952 మార్చిలో కోలియర్స్ అను అమెరికన్ పత్రికలో తన ప్రణాళికను ప్రకటించెను. ఆ చక్రపు వ్యాసము 76 మీటర్లు. 1,730 కిలోమీటర్ల ఎత్తున, రెండు గంటలకొకసారి భూమిని చుట్టివచ్చును. నిమిషమునకు మూడు చుట్లు తిరిగినచో అంచున భూమ్యాకర్షణములో మూడవ వంతునకు కొంచెము ఎక్కువగా బరువు కలుగును. పత్రికలోని రంగుబొమ్మలు చూచినవారు ఇంకొక పదిపదునైదేండ్లలో అట్టి చక్రము తలపై తిరుగునని నమ్మిరి. మొదటి కృత్రిమోపగ్రహము 1957లో ఎగిరెను. 1961లో గగారిన్ ఎగిరెను. చక్రము మాత్రము రాలేదు.

ఇచ్చట మనము లెక్కలోనికి దిగవలెను. లెక్క చిన్నదే. తిరుగు వేగమును సగము చేసి, బరువును మార్పకుండవలెనన్నచో, చక్రపు వ్యాసార్థము నాలుగింతలు కావలెను. భూమిమీది బరువు కావలెనని అనుకొందము. నిమిషమునకు నాలుగు చుట్లయినచో 56 మీటర్ల వ్యాసార్థము చాలును. రెండు చుట్లయినచో 224 మీటర్లు. ఒక్క చుట్టు అయినచో 895 మీటర్లు. అనగా ఈ అంచునుండి ఆ అంచునకు దాదాపు రెండు కిలోమీటర్లు.

చిన్నచక్రమును వడిగా త్రిప్పినచో పోదా అని ఎవరైనను అడుగవచ్చును. త్రిప్పుట సులభము, అందులో కాపురము చేయుట కష్టము. పొటొచ్నిక్ చక్రములో నిలిచిన ఆరడుగులకు కొంచెము తక్కువవాని తల, పాదముల కంటె ఇరుసునకు దగ్గరగా ఉండుటచే, అచ్చటి బరువు పాదములవద్దకంటె నూటికి 11 వంతులు తక్కువ. ఆ చక్రము తిరుగు దిక్కున సెకండునకు మూడు మీటర్ల వేగముతో పరుగెత్తినవాడు ఒకటిన్నర రెట్లు బరువెక్కును. అదే వేగముతో ఎదురుదిక్కున పరుగెత్తినవాని బరువు సగమునకు కొంచెము పైన నిలుచును. గ్లాసులో మజ్జిగ వంపినచో ధార నిటారుగా పడక ప్రక్కకు ఒరగును. ఇవి చమత్కారములు. అసలు బాధ చెవిలో ఉన్నది. మన లోపలిచెవిలో నీటితో నిండిన మూడు అర్ధచంద్రాకారపు గొట్టములు ఉన్నవి. తల ఎటు తిరిగినదో తెలుపునవి అవియే. తిరుగుచున్న ఇంటిలో తల ప్రక్కకు త్రిప్పినచో ఆ గొట్టములలోని నీరు ఒక సంగతి చెప్పును, కన్ను మరియొక సంగతి చెప్పును. తిరునాళ్లలో రంగులరాట్నము దిగినవానికి కడుపులో త్రిప్పినట్లుండుట అందరెరిగినదే. ఆ రాట్నము నెలలకొలది ఆగకున్నచో!

ఈ సంగతిని ఊహకు వదలక పరీక్షించినవాడు ఆష్టన్ గ్రేబియెల్ అను వైద్యుడు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు పెన్సకోలా నౌకాదళ వైద్యసంస్థలో, 1950ల చివర, ఆయన మెల్లగా తిరుగు ఒక గుండ్రని గదిని కట్టించి మనుష్యులను అందులో దినములకొలది నివసింపజేసెను. నిమిషమునకు ఒక్క చుట్టు తిరిగినపుడు సుకుమారులకు కూడ దాదాపు ఏ బాధయు కలుగలేదు. మూడు చుట్లకు కొంత వికారము కలిగినను పని సాగినది. అయిదున్నరకు సమీపించినపుడు గట్టివారు మాత్రమే పని చేయగలిగిరి. పది చుట్లకు అలవాటుపడుట మిక్కిలి కష్టమయ్యెను. పొటొచ్నిక్ చక్రము నిమిషమునకు ఏడున్నర చుట్లు తిరుగునది. అనగా ఆ పటమును కొట్టివేసినది గణితము కాదు, ఇనుము కాదు, మనుష్యుని చెవి.

కనుక చక్రము మెల్లగా తిరుగవలెను. మెల్లగా తిరుగవలెనన్నచో పెద్దది కావలెను. పెద్దది కావలెనన్నచో దానిని ముక్కలు ముక్కలుగా పైకి మోసి అచ్చట అతుకవలెను. చిక్కంతయు ఈ మూడు మాటలలో ఉన్నది. చిక్కునకు పరమావధి ఎట్లుండునో 1975 వేసవిలో అమెరికాలో తేలినది. ప్రిన్స్‌టన్ ఆచార్యుడు జెరార్డ్ ఓనీల్ ప్రభృతులు పదివారములు కూర్చుండి, పదివేలమంది నివసించుటకు ఒక చక్రమును రూపొందించిరి. దాని వ్యాసము సుమారు 1.8 కిలోమీటర్లు, నిమిషమునకు ఒక్క చుట్టు. దేహమునకు ఏ ఇబ్బందియు లేదు. అయితే దాని మొత్తము ద్రవ్యము సుమారు కోటి టన్నులు. అందులో అధికభాగము సూర్యునినుండి, నక్షత్రములనుండి వచ్చు హానికరమైన వికిరణమును ఆపుటకు చంద్రునినుండి తేవలసిన మన్ను. నేటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రపు ద్రవ్యము సుమారు 420 టన్నులు. దాని కూర్పు 1998లో ప్రారంభమై, నలుబదికి పైగా ప్రయోగములు కోరినది.

పూర్తి చక్రమే కావలెనా అని కొందరు ఆలోచించిరి. కావడిబద్దకు రెండు కొనలందు రెండు కుండలున్నట్లు, పొడవైన త్రాటికి ఒక కొన నివాసము, రెండవ కొన ఎదురుబరువు కట్టి, నడిమి బిందువు చుట్టు త్రిప్పినచో చాలునుగదా! 1966 సెప్టెంబరులో కాన్రాడ్, గోర్డన్ అను అమెరికన్ వ్యోమగాములు జెమిని-11 నౌకను, అజీన అను మరియొక నౌకను 30 మీటర్ల త్రాటితో కట్టి మెల్లగా త్రిప్పిరి. త్రాడు మొదట త్రుళ్లిపడి ఇబ్బందిపెట్టినను పిదప నిలుకడకు వచ్చెను. కలిగిన బరువు భూమిమీది దానిలో పదివేలవ వంతునకు కొంచెము ఎక్కువ. మనుష్యులకు అది తెలియనే లేదు. కాని గదిలో వదలిన ఒక వస్తువు మెల్లమెల్లగా వెనుకగోడవైపునకు జరిగినది. తిరుగుటవలన మనుష్యుడు ఆకాశములో కల్పించిన మొదటి బరువు అది.

1973లో స్కైలాబ్ అను అమెరికన్ కేంద్రములో ఇంకొక చిత్రము జరిగెను. ఆ కేంద్రము తిరుగలేదు. అందులోని వ్యోమగాములు మాత్రము గుండ్రని లోపలిగోడవెంట పరుగెత్తిరి. ఇల్లు తిరుగనిచో మనుష్యుడు తిరిగెను; పరుగెత్తినంతసేపు కాళ్లక్రింద నేల ఏర్పడినది.

తిరుగు ఇల్లు రాకుండుటకు డబ్బు, పరిమాణము మాత్రమే కారణములు కావు. శాస్త్రజ్ఞులు ఆకాశమునకు పోవుట భారరహితస్థితి కొరకే. మంట అచ్చట గోళమువలె మండును. ద్రవములు, స్ఫటికములు, జీవకణములు వేరుగా ప్రవర్తించును. ఇల్లంతయు త్రిప్పినచో ఆ పరీక్షలకు చోటు ఉండదు. మరియు రోజునకు రెండు గంటల వ్యాయామముతో ఆరునెలలు గడపవచ్చునని అనుభవము నేర్పినది. 1994 జనవరి మొదలు 1995 మార్చి వరకు 437 దినములు మీర్ కేంద్రములో ఉన్న వైద్యుడు పొల్యకోవ్, దిగినపిదప తన కాళ్లపై నాలుగడుగులు నడిచి చూపెను. దానితో తిరుగు ఇంటికి తొందర తగ్గెను.

తొందర తగ్గినను అవసరము తీరలేదు. కుజగ్రహమునకు పోయివచ్చుటకు రెండున్నర, మూడు సంవత్సరములు పట్టును. చూపునకు కలుగు మార్పును వ్యాయామము ఆపలేకున్నది. మనుష్యునికి ఎంత బరువు చాలునో, పూర్తి బరువా, మూడవ వంతా, ఆరవ వంతా, అను ముఖ్యమైన ప్రశ్నకు ఎవరివద్దను జవాబు లేదు. 1977లో సోవియట్ ఉపగ్రహము కాస్మోస్-936లో ఎలుకలను చిన్న చక్రములో త్రిప్పగా వాటి ఎముకలు, కండరములు తక్కిన ఎలుకలకంటె మేలుగా నిలిచినవి. ప్రాణులను త్రిప్పుటకు అంతర్జాతీయ కేంద్రము కొరకు జపాను నిర్మించుచున్న గది 2005లో రద్దయినది. అయినను జపాను శాస్త్రజ్ఞులు చిన్నయంత్రముతో 2016 మొదలు చుంచులపై పరీక్షలు జరిపిరి. భూమితో సమానమైన బరువు కల్పించినపుడు కండరములు నిలిచినవి. చంద్రునిపై ఉన్నంత బరువు, అనగా ఆరవ వంతు, కల్పించినపుడు కండరము సన్నగిల్లుట ఆగినది గాని దాని తంతువుల స్వభావము మారుట ఆగలేదు. అనగా కొంచెము బరువు కొంతమేలు మాత్రమే.

మనవారి పాలు ఈ కథలో లేకపోలేదు. హైదరాబాదులో చదువుకొన్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సల్యూత్-7 కేంద్రమునకు పోయి సుమారు ఎనిమిది దినములు అంతరిక్షమున గడపెను. భారరహితస్థితికి యోగాభ్యాసము ఎంతవరకు ఉపకరించునో తన దేహముపైననే పరీక్షించెను. ఆంధ్రప్రదేశ్‌లో జన్మించి అమెరికాలో పెరిగిన శిరీష బండ్ల 2021 జూలై 11న కొలదినిమిషముల భారరహిత ప్రయాణములో, బరువు మారునపుడు మొక్కలు ఎట్లు స్పందించునో తెలిసికొను ప్రయోగమును తన చేతితో నిర్వహించెను. శ్రీహరికోటనుండి 2007 జనవరి 10న ఎగిరిన 550 కిలోల పేటిక పండ్రెండు దినములు కక్ష్యలో ప్రయోగములు జరిపి, 22వ తేదీన బంగాళాఖాతములో దిగి భద్రముగా చేతికి చిక్కినది.

2024 డిసెంబరు 30 రాత్రి శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు రెండు చిన్న ఉపగ్రహములను మోసికొనిపోయెను. ఒక్కొక్కటి సుమారు 220 కిలోలు. 2025 జనవరి 16న అవి ఆకాశములో ఒకదానినొకటి చేరి గట్టిగా పట్టుకొన్నవి. అంతకుముందు ఈ విద్య రష్యా, అమెరికా, చైనాలకే ఉండెను. ఆ రాకెట్టు చివరి అంచెలోనే ఒక చిన్నపెట్టెలో ఎనిమిది అలసంద గింజలు కూడ పోయినవి. నాలుగవ దినమున మొలకెత్తి, పిదప ఆకులు తొడిగినవి. మన ఇండ్లలో నానబెట్టి వడలు చేసికొను అలసందలే, పైకేదో క్రిందేదో తెలియనిచోట మొలచినవి.

భారతదేశము 2035 నాటికి తన సొంత అంతరిక్ష కేంద్రమును నిలుపవలెనని సంకల్పించినది. అది తిరుగు చక్రము కాదు. కొన్ని గదులను ఒకదానికొకటి అతికిన నిలుకడ ఇల్లు. అందుకు ఎవరును చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. చాలినంత పెద్దది కాని చక్రము అసలే లేకుండుటకంటె కీడని పెన్సకోలా గది చెప్పినది. పెద్ద చక్రమునకు, కావడివంటి త్రాటి ఇంటికి కూడ మొదటి పాఠము ఒక్కటే: వేరువేరుగా పోయిన ముక్కలు ఆకాశములో తప్పక కలియవలెను. ఆ పాఠమును మనవారు ప్రారంభించినారు. రెండవ పాఠము, మన కేంద్రములో ఒక మూలనైనను చిన్న తిరుగుడు యంత్రమునుంచి, జీవులకు ఎంత బరువు చాలునో కొలుచుట. ఆ కొలత తెలియక దూరప్రయాణమునకు మనుష్యులను పంపుట, లోతు చూడక ఏటిలో దిగుటవంటిది.

నూరేండ్లలో ఈ ఇంటికి పటము గీచినవారు అందరును మొదట చక్రమును చూచిరి. తరువాత లోకము మనుష్యుని చూచినది. ఇంటి కొలత యజమాని కొలతనుబట్టి ఉండవలెనని మన పెద్దలు ముగ్గుపోసి, మూరలు కొలిచి చెప్పుచుండిరి. ఆకాశములోని ఇంటికిని ఆ నియమము తప్పలేదు. కొడవలూరులో మేడ దిగి వచ్చునపుడు మెట్టుమెట్టునకు మోకాలిపై పడు బరువును మనము విసుగుకొందుము. ఆ బరువే ఎముకను ఎముకగా నిలుపుచున్నది. దానిని వెంట తీసికొనిపోవు ఉపాయము దొరకువరకు మనుష్యుడు భూమికి ఎంతదూరము పోయినను త్వరలో తిరిగి రావలసినవాడే.